పచ్చని బెంచీ కట్టడం ఎలా? మొక్కలతో కూడిన బహిరంగ ఆసనాలకు సమగ్ర మార్గదర్శి

పార్కులోనో, ఆసుపత్రి ఆవరణలోనో వేసిన బెంచీ పక్కన ఎండిపోయిన తొట్టి కనిపించడం కొత్తేమీ కాదు. మొక్క చచ్చిపోయి, మట్టి గట్టిపడి, చివరికి అది చెత్త వేసే చోటుగా మిగులుతుంది. నీళ్లు పోయలేదని తోటమాలిని అంటారు గానీ, చాలాసార్లు ఆ మొక్క బతికే దారి నమూనా గీసిన రోజే మూసుకుపోయి ఉంటుంది. మనిషికి పొడిగా, గట్టిగా, కదలకుండా ఉండే చోటు కావాలి. మొక్కకు తడిగా, గుల్లగా, పెరగడానికి వీలుగా ఉండే చోటు కావాలి. ఈ రెండింటినీ ఒకే వస్తువులో ఇమిడ్చేటప్పుడు వాటి మధ్య సరిహద్దును ఎలా కడతామన్నదే ఈ పనిలో అసలు విషయం. కింద చెప్పే ప్రతి అడుగూ ఏదో ఒక విధంగా ఆ సరిహద్దు గురించే.

ఆలోచన పాతదే. మధ్యయుగపు ఐరోపా తోటల్లో ఇటుకలతోనో, అల్లిన కొమ్మల దడితోనో మట్టిని నిలబెట్టి, పైన పచ్చిక పరిచి, దాని మీదే కూర్చునేవారు. 13వ శతాబ్దపు పండితుడు ఆల్బెర్టస్ మాగ్నస్ వర్ణించిన విహారవనంలో ఇలాంటి పచ్చిక అరుగు ఉంది. కొద్దిమంది తిరిగే సొంత తోటకు అది చక్కగా సరిపోతుంది. వందలమంది వచ్చిపోయే చోట మాత్రం పచ్చిక కొద్ది రోజుల్లోనే నలిగిపోతుంది, వాన వెలిశాక గంటల తరబడి ఎవరూ కూర్చోలేరు. అందుకని కూర్చునే భాగమూ పెరిగే భాగమూ వేరువేరుగా ఉంటూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే ఆసనాలకే ఇక్కడ పరిమితమవుతున్నాను.

మొదటి అడుగు: నీళ్ల లెక్క తేల్చుకోండి

కాగితం మీద గీత పడకముందే ఈ లెక్క పూర్తి కావాలి. ఎండ ముదిరిన రోజుల్లో మొక్కలు కప్పిన నేల నుంచి రోజుకు దాదాపు 4 నుంచి 6 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. అంటే చదరపు మీటరుకు 4 నుంచి 6 లీటర్లు. రెండు చదరపు మీటర్ల తొట్టికి వారానికి సుమారు 70 లీటర్లు కావాలి. నేల మీద పెట్టిన తొట్టికి నాలుగు పక్కల నుంచీ వేడి తగులుతుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. అలాంటి ఆసనాలు పది వేస్తే వారానికి 700 లీటర్లు. ఆ నీరు ఏ కుళాయి నుంచి వస్తుంది, ఎవరు తెస్తారు, సెలవు రోజుల్లో ఎవరు చూస్తారు అన్న ప్రశ్నలకు పేర్లతో సహా సమాధానం రాసుకోండి.

సమాధానం దొరక్కపోతే పని మానుకోనక్కర్లేదు, ఆసనం రకం మార్చుకుంటే చాలు. కింద అసలైన నేల ఉంటే అడుగు లేని తొట్టి కట్టండి. వేర్లు కిందికి దిగి తమ తడిని తామే వెతుక్కుంటాయి, ఎక్కువైన నీరు కూడా నేలలోకే ఇంకుతుంది. అవకాశం ఉన్న ప్రతి చోటా నేను మొదట ఎంచుకునేది ఇదే. కింద కాంక్రీటు ఉంటే రెండు దారులున్నాయి: టైమర్ ఉన్న డ్రిప్ గొట్టం, లేదా అడుగున నీటి అర ఉన్న తొట్టి. రెండో దాంట్లో నీరు మట్టి రంధ్రాల గుండా పైకి పాకుతుంది. ఆ అరకు తప్పకుండా పొర్లు రంధ్రం ఉండాలి. అది లేకపోతే పెద్ద వాన కురిసిన రోజున వేర్లు ఊపిరాడక కుళ్లిపోతాయి.

రెండో అడుగు: జనం ఎటు చూస్తారో గమనించండి

1970లలో అమెరికన్ పరిశోధకుడు విలియం హెచ్. వైట్ న్యూయార్క్ నగరపు బహిరంగ ప్రాంగణాలను కెమెరాలతో చిత్రీకరించి, జనం ఎక్కడ కూర్చుంటారో ఓపికగా గమనించాడు. జనసంచారానికి దూరంగా, ప్రశాంతంగా ఉండే మూలలను వెతుక్కుంటారని అనుకుంటాం. ఆయన చూసింది వేరు: నడిచేవాళ్లు కనిపించే చోటే జనం ఎక్కువగా కూర్చున్నారు. బ్రిటిష్ భూగోళ శాస్త్రవేత్త జే యాపిల్టన్ 1975లో మరో కోణం నుంచి చెప్పింది కూడా దీనికి తోడవుతుంది. వెనుక రక్షణ, ముందు విశాలమైన చూపు, ఈ రెండూ కలిసిన చోట మనిషికి హాయిగా ఉంటుంది.

రెండింటినీ కలిపితే మొక్కల స్థానం దానంతటదే తేలుతుంది: వీపు వెనుక పచ్చదనం, కళ్ల ముందు దారి. కూర్చున్న పెద్దవాళ్ల కళ్లు నేల నుంచి దాదాపు 115 నుంచి 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. వెనుక పొద 90 నుంచి 110 సెంటీమీటర్ల దగ్గర ఆగితే వీపుకు అండ దొరుకుతుంది, తల తిప్పితే వెనుక ఎవరున్నారో కూడా కనిపిస్తుంది. అంతకు మించి పెరిగే పొద పగలు అందంగానే ఉంటుంది. చీకటి పడ్డాక మాత్రం ఒంటరిగా వచ్చిన మహిళ ఆ బెంచీ మీద కూర్చోదు. దారి పక్కన పొదలు 90 సెంటీమీటర్లు దాటకుండా, చెట్ల కొమ్మలు 2.1 మీటర్ల కిందికి రాకుండా చూసుకుంటే మధ్యలో చూపుకు అడ్డు ఉండదు.

తలపైన నీడ కూడా ముఖ్యమే. న్యూయార్క్‌లో 1967లో తెరిచిన పేలీ పార్కు వైశాల్యం సుమారు 390 చదరపు మీటర్లే. భవనాల మధ్య ఇరుకున పడిన ఆ ముక్కలో దగ్గరదగ్గరగా నాటిన చెట్లు పైన పలుచని కప్పులా పరుచుకుంటాయి, కింద ఎటు కావాలంటే అటు జరుపుకునే కుర్చీలు ఉంటాయి. మొక్కను, ఆసనాన్ని ఒకే దిమ్మెగా కట్టి తీరాలన్న పట్టుదల అక్కర్లేదనడానికి అది మంచి ఉదాహరణ.

మూడో అడుగు: కొలతలు

కూర్చునే ఎత్తు 43 నుంచి 48 సెంటీమీటర్లు. లోతు 40 నుంచి 45. మనిషికి 60 సెంటీమీటర్ల వెడల్పు. వీపు ఆనే పలక కొంచెం వెనక్కి వాలి, కూర్చునే పలకతో 100 నుంచి 105 డిగ్రీల కోణం చేయాలి. చేయి ఆనించే కమ్మీ కూర్చునే తలానికి 20 సెంటీమీటర్ల పైన ఉంటే లేచేటప్పుడు బాగా ఉపయోగపడుతుంది. రెండు వైపులా కూర్చునే అరుగైతే 75 నుంచి 90 సెంటీమీటర్ల వెడల్పు కావాలి. అంతకు తగ్గితే వీపులు తగులుతాయి.

తొట్టి గోడనే ఆసనంగా మార్చేవాళ్లు తరచుగా మరిచిపోయేది మడమలను. పెద్ద వయసు మనిషి లేవడాన్ని ఒకసారి గమనించండి. ముందు పాదాలను మోకాళ్లకంటే వెనక్కి లాక్కుంటారు, తర్వాత ఒళ్లు ముందుకు వంచుతారు, అప్పుడే బరువు కాళ్ల మీదికి వస్తుంది. కింద నిటారుగా గోడ ఉంటే పాదాలు వెనక్కి పోవు, రెండు మూడుసార్లు ఊగి, పక్కవాళ్ల చేయి పట్టుకుని లేవాల్సి వస్తుంది. పైపలకను గోడకంటే 10 సెంటీమీటర్లు ముందుకు తెస్తే చాలు, ఈ ఇబ్బంది పోతుంది.

చక్రాల కుర్చీకి బెంచీ పక్కనే 76 సెంటీమీటర్ల వెడల్పు, 122 సెంటీమీటర్ల పొడవున చదునైన ఖాళీ వదలండి. ఆ చోటు బెంచీ ఎదురుగా ఉంటే దారికి అడ్డం అవుతుంది, వెంట వచ్చినవాళ్లతో పక్కపక్కన కూర్చునే వీలూ ఉండదు. మొక్కల వాసన, స్పర్శ ఆ చోటుకు కూడా అందేలా తొట్టిని అక్కడిదాకా పొడిగించండి.

నాలుగో అడుగు: ఆకారం ఎంచుకోవడం

ప్రధానంగా మూడు రూపాలున్నాయి. బెంచీ వెనుక తొట్టి ఉండేది అన్నింటికంటే సులువు, మరమ్మతుకూ అనుకూలం. తొట్టి అంచే ఆసనమయ్యేది చోటు ఆదా చేస్తుంది, అయితే వీపుకు ఆనిక ఉండదు కాబట్టి ఎక్కువసేపు కూర్చోవడానికి బాగుండదు. రోడ్డు పక్కన వేసేటప్పుడు వాహనాలకూ మనుషులకూ మధ్య తొట్టి వచ్చేలా తిప్పండి. శాన్ ఫ్రాన్సిస్కోలో 2010 నుంచి వాహనాలు నిలిపే చోట్లను చిన్న కూర్చునే తావులుగా మార్చినప్పుడు వీధివైపు అంచున తొట్లు పెట్టింది ఇందుకే.

మూడోది, ఉన్న చెట్టు చుట్టూ కట్టే ఆసనం. జనానికి ఎంతో ఇష్టమైనదీ, చెట్టుకు ఎక్కువ హాని చేసేదీ ఇదే. నీటినీ పోషకాలనూ పీల్చే వేర్లలో అధికభాగం నేల పైపొరలోనే, దాదాపు 60 సెంటీమీటర్ల లోపలే ఉంటాయి. కొమ్మల అంచు దాటి కూడా విస్తరిస్తాయి. చెట్టు చుట్టూ కందకం తవ్వి గోడ లేపితే ఆ వేర్లు తెగిపోతాయి. ఆ గోడ లోపల మట్టి నింపి మొదలును కప్పేస్తే బెరడు తడికి మెత్తబడి కుళ్లుతుంది. నష్టం వెంటనే కనిపించదు. కొన్నేళ్ల తర్వాత పై కొమ్మలు ఎండుతున్నప్పుడు దానికి కారణం అరుగేనని ఎవరికీ తట్టదు.

బ్రిటన్ ప్రమాణం బీఎస్ 5837 చెప్పే లెక్క సులువైనది: నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున కాండం వ్యాసాన్ని కొలిచి 12తో గుణిస్తే, కాపాడాల్సిన వేర్ల మండలం వ్యాసార్ధం వస్తుంది. 40 సెంటీమీటర్ల కాండానికి అది 4.8 మీటర్లు. చెట్టు చుట్టూ వేసే ఆసనం తప్పనిసరిగా ఆ వలయం లోపలికే వస్తుంది కాబట్టి గోడ ఆలోచన మానుకుని కాళ్ల మీద నిలబెట్టండి. కాలు దిగే ప్రతి చోటా చేత్తో తవ్వి చూడండి, బొటనవేలి లావు వేరు తగిలితే కాలును పక్కకు జరపండి. కాండానికీ పలకకూ మధ్య అన్ని వైపులా కనీసం 20 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. వలయాన్ని ఒకే ముక్కగా కాకుండా బోల్టులతో బిగించిన నాలుగు లేదా ఆరు భాగాలుగా చేయండి. చెట్టు లావెక్కినప్పుడు లోపలి చెక్కను విప్పి తీసేయడానికి వీలుంటుంది. చెట్టుకు మేకు కొట్టడం, తీగతో కట్టడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

ఐదో అడుగు: మట్టి, బరువు

పచ్చికకూ నేలను కప్పే చిన్న మొక్కలకూ 20 సెంటీమీటర్ల మట్టి లోతు చాలు. పొదలకు 45 నుంచి 60 కావాలి. చెట్టుకు లోతుకన్నా పరిమాణం ముఖ్యం: కొమ్మలు కప్పే ప్రతి చదరపు మీటరుకు 0.3 నుంచి 0.6 ఘనపు మీటర్ల మట్టి పెట్టుకోవాలి. నాలుగు మీటర్ల వ్యాసమున్న చిన్న చెట్టు గొడుగు కింద వైశాల్యం దాదాపు 12.5 చదరపు మీటర్లు, అంటే దానికి దాదాపు 4 నుంచి 7.5 ఘనపు మీటర్ల మట్టి అవసరం. నిలువు, అడ్డం, లోతు మీటరు చొప్పున ఉన్న పెట్టెలో మహా అయితే అందులో నాలుగో వంతు పడుతుంది. పెట్టెలో నాటిన చెట్టు నీడనిస్తుందని నమూనా చిత్రంలో గీయడం జనాన్ని మభ్యపెట్టడమే.

బరువు సంగతి చూద్దాం. 180 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 లోతున్న తొట్టిలో 0.45 ఘనపు మీటర్ల మట్టి పడుతుంది. తడిసిన మామూలు మట్టి ఘనపు మీటరుకు సుమారు 1,700 కిలోలు తూగుతుంది కాబట్టి మట్టి ఒక్కటే 765 కిలోలు. నేల మీద ఇది మేలే, ఎవరూ తొట్టిని పడదోయలేరు. మేడ మీదో, నేలమాళిగ కప్పు మీదో పెట్టాలంటే మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్కగట్టి ఒప్పుకోవాల్సిందే.

మట్టి మిశ్రమంలో కంపోస్టు ఐదో వంతుకు మించనివ్వకండి. అది కుళ్లి తగ్గిపోయేకొద్దీ మట్టి కుంగుతుంది, వేర్ల మొదళ్లు బయటపడతాయి. సగానికి పైగా ఇసుక కలిసిన మట్టి, మిగిలినది పెర్లైటు లాంటి తేలికైన, గుల్లైన రేణువులు ఉంటే మిశ్రమం ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఆరో అడుగు: నీరు బయటికి పోయే దారి

తొట్టి అడుగున గులకరాళ్లు పోస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్మకం. జరిగేది అందుకు విరుద్ధం. సన్నని రంధ్రాలున్న మట్టి నుంచి పెద్ద ఖాళీలున్న రాళ్లలోకి నీరు తేలిగ్గా దిగదు. పైన మట్టి పూర్తిగా నానేదాకా అక్కడే పట్టుకుని నిలుస్తుంది. రాళ్లు పోయడం వల్ల ఆ తడి పొర వేర్లకు ఇంకా దగ్గరవుతుంది, మట్టి లోతూ తగ్గుతుంది. రంధ్రాల మీద నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ ఒక్కటి పరిచి, అడుగు నుంచీ మట్టే నింపండి.

అడుగు పలక నీరు పోయే వైపుకు 2 శాతం వాలాలి, అంటే మీటరుకు 2 సెంటీమీటర్లు. 15 నుంచి 20 మిల్లీమీటర్ల రంధ్రాలు సుమారు 60 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున, వాలు దిగువ అంచున పెట్టండి. తొట్టిని దిమ్మెల మీద 2 సెంటీమీటర్లు లేపితే రంధ్రాలు మూసుకుపోవు. ఇక ఆ బురద నీరు ఎటు పోతుంది? కూర్చున్నవాళ్ల కాళ్ల కిందికి పారితే నాచు పట్టి నేల జారుతుంది. ఎప్పుడూ వెనుక వైపుకు, పాదులోకో కాలువలోకో తిప్పండి. మట్టి పోయకముందే తొట్టిని నీటితో నింపి, ఎక్కడెక్కడ కారుతుందో చూసి గుర్తుపెట్టండి.

ఏడో అడుగు: చెక్క తొట్టిని తాకే చోటు

ఇలాంటి బెంచీలు పాడవడం ఎక్కువగా ఒకే చోట మొదలవుతుంది. కూర్చునే చెక్క తొట్టి గోడకు ఆనుకున్న గీతలో ఎండుటాకులు, మట్టి రేణువులు ఇరుక్కుంటాయి. వాన నీరు వాటిలో నిలుస్తుంది. మొదట మరమేకు చుట్టూ నల్లని వలయం కనిపిస్తుంది. తర్వాత చెక్క కోసిన చివర మెత్తబడి, గోటితో నొక్కితే దిగిపోతుంది. మిగతా బల్ల అంతా కొత్తగానే ఉన్నా, ఆ ఒక్క అంచు వల్ల ఆసనం ఊగడం మొదలుపెడుతుంది.

దీన్ని ఆపాలంటే ఆసనానికి దాని కాళ్లు దానికి ఉండాలి, తొట్టి మీద ఆధారపడకూడదు. రెండింటి మధ్య 30 మిల్లీమీటర్ల ఖాళీ వదిలితే ఆకులు కిందికి రాలిపోతాయి, చీపురుపుల్ల కూడా దూరుతుంది. ఆ కొలతకు ఇంకో కారణం ఉంది. పిల్లల ఆటస్థలాలకు ఐరోపాలో అనుసరించే ఈఎన్ 1176 ప్రమాణం ప్రకారం 8 నుంచి 25 మిల్లీమీటర్ల సందుల్లో వేళ్లు ఇరుక్కునే ప్రమాదం ఉంది. అందుకే తొట్టి పక్క సందు 25 కంటే ఎక్కువ, బల్లచెక్కల మధ్య సందు 8 కంటే తక్కువ ఉండేలా చూడండి, 6 లేదా 7 సరిపోతుంది. తొట్టిలో మట్టి మట్టం అంచుకు 6 సెంటీమీటర్లు దిగువన ఆగితే నీళ్లు పోసేటప్పుడు బురద చిమ్మదు. కోసిన చెక్క చివరలన్నింటికీ మైనమో, నూనెపూతో పట్టించాలి.

ఎనిమిదో అడుగు: సామగ్రి

చర్మం తాకే చోట చెక్కే మేలు. ఎండలో చెక్క కూడా వేడెక్కుతుంది, కానీ ఆ వేడిని చర్మానికి మెల్లగా అందిస్తుంది. ముదురు రంగు ఇనుప పలక తొడల్ని చుర్రుమనిపిస్తుంది. పాత రైలు పట్టాల దుంగలు చవగ్గా దొరికినా వాడకండి, కుళ్లకుండా వాటికి పట్టించిన క్రియోసోటు అనే తారు నూనె చర్మానికి మంచిది కాదు. కుళ్లకుండా మందు పట్టించిన పాత చెక్కలతోనూ జాగ్రత్త. ఆర్సెనిక్ కలిసిన సీసీఏ మందు చెక్కను అమెరికాలో ఇళ్ల అవసరాలకు వాడడం 2003 చివరితో ఆపేశారు, అంతకుముందు నాటి చెక్కలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. కొత్త కాంక్రీటు తొట్టి నుంచి సున్నం ఊరి మట్టి క్షారగుణం పెరుగుతుంది. దాన్ని 28 రోజులు తడిపి ఆరనిచ్చి, కడిగి, లోపల పూత వేశాకే మట్టి నింపాలి. తుప్పు రంగు కోర్టెన్ ఉక్కు చూడముచ్చటగా ఉంటుంది. కానీ దాని మీద నుంచి కారిన నీరు నేలనూ బట్టలనూ ఎర్రగా మరక చేస్తుంది కాబట్టి కూర్చునే వైపుకు దూరంగా ఉంచండి.

న్యూయార్క్‌లో 2009లో తొలి భాగం తెరిచిన హై లైన్ పార్కులో నేలపై పరిచిన కాంక్రీటు పలకలు సన్నబడుతూ మొక్కల మధ్యకు చొచ్చుకుపోతాయి, కొన్ని చోట్ల అవే పైకి లేచి బెంచీలవుతాయి. నేల, ఆసనం, మొక్క ఒకే భాషలో మాట్లాడినట్టుండే ఆ పనితనం వెళ్లి చూడదగ్గది.

తొమ్మిదో అడుగు: మొక్కలు

నర్సరీలో కనిపించే పరిమాణాన్ని నమ్మకండి, ఐదో ఏట ఎంత అవుతుందో అడిగి గీయండి. మీటరున్నర వెడల్పుకు పెరిగే పొదను అర మీటరు తొట్టిలో పెడితే, మిగిలిన మీటరు కూర్చునేవాళ్ల భుజాల మీదికి వస్తుంది. పచ్చగన్నేరు, గన్నేరు వద్దే వద్దు. వాటిలో ప్రతి భాగమూ విషమే, పక్కన కూర్చున్న పిల్లవాడు ఆకు తెంపి నోట్లో పెట్టుకోవడానికి క్షణం చాలు. పాలు కారే ముళ్లజెముడు జాతులు కళ్లకు ప్రమాదం. కత్తిమొనల్లాంటి ఆకులుండే కిత్తనార కూడా అంతే, ఆ మొనలు సరిగ్గా కూర్చున్న పిల్లల కంటి ఎత్తున ఉంటాయి. తేనెటీగలు ఇష్టపడే పూలను పూర్తిగా మానేయడం అన్యాయం. వాటిని చేయి ఆనే చోటుకు 60 సెంటీమీటర్లు దూరంగా, తొట్టి వెనుక అంచున నాటండి. ముందు అంచున తాకితే వాసనొచ్చే ఆకు మొక్కలు పెట్టండి: మరువం, రోజ్‌మేరీ, నిమ్మగడ్డి లాంటివి. అక్కడ కూర్చున్నవాళ్ల చేతులు ఊరికే ఉండవు, ఆకుల్ని నిమురుతాయి, నలుపుతాయి. నిమ్మగడ్డి అంచు కోసుకుంటుంది కాబట్టి దాన్ని రెండో వరుసలో ఉంచడం మంచిది. బెంచీ పొడవునా ఒకే జాతి పెడితే ఒక్క తెగులుకు అంతా పోతుంది. మూడు నాలుగు జాతులు కలపండి.

పదో అడుగు: నాటిన తర్వాత

వాతావరణం చల్లబడే కాలంలో నాటండి. మొదటి రెండేళ్లు వేర్లు స్థిరపడే సమయం, కరవును తట్టుకునే జాతులకు కూడా అప్పుడు క్రమంగా నీరు అందాలి. తడి తెలుసుకోవడానికి వేలు సరిపోదు. 30 సెంటీమీటర్ల కర్రపుల్లను గుచ్చి తీయండి: పైభాగం పొడిగా, కిందిభాగం తడిగా ఉంటే ఆగవచ్చు. కుంగిన మట్టిని ఏడాదికోసారి నింపండి, కానీ కాండం మొదలును పూడ్చకండి. కూర్చునే తలం మీదికి వచ్చే కొమ్మలను నెలకోసారి కత్తిరించాలి. ఈ పని ఒప్పంద పత్రంలో విడిగా రాసి ఉండకపోతే ఎవరూ చేయరు.

ఏడాదికోసారి చేసే తనిఖీలో చూడాల్సినవి కొన్నే: నీటి రంధ్రాల్లోకి కడ్డీ దూరుతుందా, బోల్టులు వదులయ్యాయా, మరమేకుల చుట్టూ నల్లబడిందా, చెట్టు చుట్టూ వదిలిన ఖాళీ ఎంత మిగిలింది. ఆ ఖాళీ 10 సెంటీమీటర్లకు తగ్గితే లోపలి వరుస చెక్కలు విప్పేయండి. చనిపోయిన మొక్క స్థానంలో మళ్లీ అదే జాతిని పెట్టే ముందు దాన్ని వేర్లతో సహా తవ్వి తీసి చూడండి. వేర్లు నల్లగా, మెత్తగా, దుర్వాసనతో ఉంటే రంధ్రాలు మూసుకుపోయాయని అర్థం. గోధుమ రంగులో పెళుసుగా విరిగితే నీరు అందలేదు. తొట్టి ఆకారంలోనే చుట్టలు తిరిగి ఉంటే మట్టి చాలలేదు.